పేడ దిబ్బకు లోడర్ ట్రాక్టర్ కొనాలా? తనకల్లులో మూడెకరాల లెక్క ఇదీ

చిన్న ట్రాక్టర్. దాని ముందు ఒక బకెట్. కొట్టం పక్కనున్న దిబ్బను ఎత్తి ట్రాలీలో పోస్తుంది, చేనులోని రాళ్లను గట్టుకు చేరుస్తుంది, వాన కోసేసిన దారిని చదును చేస్తుంది. ఇలాంటి వీడియోలు మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటాయి. మీరు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేస్తూ, ఊర్లో అమ్మానాయన మూడెకరాల చేను, నాలుగు ఆవులతో నెట్టుకొస్తున్నారనుకోండి. 'ఇదొకటి కొనిస్తే వాళ్ల నడుము నొప్పి తగ్గుతుంది కదా, ప్రభుత్వం రాయితీ కూడా ఇస్తుందట కదా' అనిపించడం సహజం.

అయితే ఆ వీడియోల్లో చాలావరకు అమెరికా, యూరప్ పొలాలవి. అక్కడ కూలీ దొరకదు, ఇంటి ముందు మంచు కూడా ఆ బకెట్‌తోనే తీస్తారు. మన దగ్గర పరిస్థితి వేరు. అందుకే ఒక ఊరిని పట్టుకుని లెక్క చూద్దాం. తనకల్లు మండలం కదిరి దగ్గర ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడే వరకు అనంతపురం జిల్లాలో భాగం. ఎర్ర నేలలు, చేను నిండా రాళ్లు, ఆకాశాన్ని నమ్ముకుని వేసే చెనక్కాయ, బోరు కింద టమాటా, ఇంటికి రెండు మూడు పాడి పశువులు. లోడర్ చేసే పనులన్నీ ఇక్కడ ఉన్నాయి. ఏడాదికి ఎన్ని గంటలు ఉన్నాయన్నదే చూడాలి.

దిబ్బ ఎత్తడానికి ఎన్ని గంటలు?

నాలుగు ఆవులు రోజుకు ఒక్కోటి 15 కిలోల లెక్కన 60 కిలోల పేడ వేస్తాయనుకుందాం. ఏడాదికి దాదాపు 22 టన్నులు. దిబ్బలో మాగి, ఎండి, సగానికి కాస్త పైగా తూకం పోతే మిగిలేది దాదాపు 10 టన్నుల ఎరువు. వేసవి దుక్కుల సమయంలో ఈ 10 టన్నులను చేనుకు తోలాలి. గంపకు 20 నుంచి 25 కిలోలు పడుతుంది కాబట్టి మనిషి ఎత్తాలంటే 400 నుంచి 500 గంపలు. తల మీద పెట్టుకుని మోసేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. ఇది చిన్న బాధ కాదు.

చిన్న ట్రాక్టర్‌కు బిగించే బకెట్‌లో మాగిన ఎరువు ఒక్కసారికి 100 కిలోలు వస్తుందనుకుంటే, 10 టన్నులకు 100 బకెట్లు. వెళ్లి, ఎత్తి, తిరిగి, పోయడానికి ఒక్కో దానికి రెండు నిమిషాలు. మొత్తం కలిపి మూడున్నర గంటల లోపే. అంటే లోడర్ కొనడానికి మీరు చెప్పుకునే అతి పెద్ద కారణం, ఏడాదికి ఒక పూట పని.

మరి రోజువారీ పేడ? 60 కిలోలంటే రోజుకు మూడు గంపలు. దీని కోసం పొద్దున్నే డీజిల్ ఇంజిన్ స్టార్ట్ చేయడం ఎవరికీ గిట్టదు. కొట్టం నుంచి దిబ్బ దాకా బండ పరుపో సిమెంటు దారో వేయించి, రెండు చక్రాల తోపుడు బండి కొనిస్తే అమ్మకు ఆ రోజు నుంచే సుఖం. అక్కడ నడుమును విరిచేది బరువు ఒక్కటే కాదు. వంగడం, ఎత్తి తలకెత్తుకోవడం, గుంతల్లో నడవడం.

చెరువు మట్టి తోలడానికి పనికొస్తుంది కదా అని అడగొచ్చు. మట్టి వేరే లెక్క. రెండెకరాలకు 40 ట్రాలీలు తోలాలనుకుందాం, ట్రాలీకి మూడు టన్నులు. మొత్తం 120 టన్నులు. చిన్న లోడర్ ఒక్కసారికి 200 కిలోలు ఎత్తినా 600 సార్లు తిరగాలి, అంటే 20 గంటలు. అదే పనికి చెరువులో జేసీబీ ఉంటే, దాని ముందు బకెట్ దాదాపు ఒక ఘనపు మీటరు కాబట్టి రెండు మూడు బకెట్లకు ట్రాలీ నిండుతుంది. నాలుగైదు గంటల్లో అయిపోతుంది. ఊరంతా కలిసి జేసీబీని బాడుగకు పిలిచి మట్టి తోలుకునే పద్ధతి ఊరికే రాలేదు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో కూడా పూడిక తీసింది పెద్ద యంత్రాలు, చేనుకు మోసింది రైతుల ట్రాక్టర్లు. చెరువులో తవ్వే ముందు గ్రామ సచివాలయంలో అనుమతి సంగతి కనుక్కోవడం మరవకండి.

రాళ్లు ఏరడంలో మాత్రం లోడర్ నిజంగా పనికొస్తుంది. తనకల్లు చేలల్లో దున్నిన ప్రతిసారీ కొత్త రాళ్లు పైకి తేలతాయి. కానీ ఏరి బకెట్‌లో వేయాల్సింది మనుషులే. బకెట్ మోస్తుంది, ఏరదు.

బకెట్ నిండితే ట్రాక్టర్ ఏమవుతుంది?

షోరూమ్‌లో ఎవరూ విడమరిచి చెప్పని విషయం ఇదే. మినీ ట్రాక్టర్ల బరువు తక్కువ. 700 కిలోల ట్రాక్టర్‌ను ఉదాహరణగా తీసుకోండి. అందులో 280 కిలోలు ముందు చక్రాల మీద, 420 కిలోలు వెనుక చక్రాల మీద ఉంటాయనుకుందాం. రెండు ఇరుసుల మధ్య దూరం మీటరున్నర. ఇప్పుడు ముందు ఇరుసుకు 90 సెంటీమీటర్ల అవతల లోడర్ చట్రం, బకెట్, మట్టి కలిపి 300 కిలోలు వేలాడదీశాం. తూనిక కర్రకు ఒక కొసన బరువు వేస్తే రెండో కొస లేచినట్టే, వెనుక చక్రాల మీద నుంచి 180 కిలోలు ముందుకు జరుగుతాయి. ముందు ఇరుసు మీద 760 కిలోలు, వెనుక 240 కిలోలే మిగులుతాయి.

ముందు ఇరుసు తట్టుకుంటుందా అన్నది మొదటి ప్రశ్న. రెండోది ఇంకా ముఖ్యం. వ్యవసాయ ట్రాక్టర్లకు సాధారణంగా బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. వెనుక బరువు తగ్గితే నేల మీద పట్టు తగ్గుతుంది. గుట్ట వాలు నుంచి నిండు బకెట్‌తో దిగుతూ బ్రేక్ తొక్కితే బండి జారుతుంది, స్టీరింగ్ మాట వినదు. పక్కవాలు మీద బకెట్ పైకెత్తి తిప్పితే బోర్లా పడటానికి రెండు సెకన్లు చాలు.

అందుకే లోడర్ బిగించిన ట్రాక్టర్‌కు వెనుక ఎదురు బరువు తప్పనిసరి. పై ఉదాహరణలోనే వెనుక ఇరుసుకు 80 సెంటీమీటర్ల వెనక 200 కిలోల దిమ్మె తగిలిస్తే వెనుక చక్రాల మీద బరువు మళ్లీ 540 కిలోలు దాటుతుంది, ముందు ఇరుసుకు కూడా వంద కిలోలు తగ్గుతుంది. బకెట్‌ను ఎప్పుడూ మోకాలి ఎత్తుకు మించనివ్వకుండా నడపాలి, పోసే చోట మాత్రమే లేపాలి.

మన మార్కెట్‌లో కంపెనీలు ఇచ్చే లోడర్లు ఎక్కువగా 40, 50 హెచ్‌పీ ట్రాక్టర్లకు సరిపోయేవే. 20 హెచ్‌పీ బండికి ఊర్లో వెల్డింగ్ షాపులో చట్రం కట్టించి, పాత హైడ్రాలిక్ సిలిండర్లు బిగించే పని జరుగుతూ ఉంటుంది. దానికి ఒప్పుకోకండి. ఎంత బరువు ఎత్తవచ్చో రాసి ఇచ్చే బాధ్యత అక్కడ ఎవరికీ ఉండదు. హైడ్రాలిక్ పైపు పగిలితే లేచిన బకెట్ ఒక్కసారిగా కిందపడుతుంది.

వెనుక లిఫ్ట్ ఉండగా ముందు బకెట్ ఎందుకు?

ప్రతి ట్రాక్టర్‌కూ వెనుక మూడు చేతుల లిఫ్ట్ ఉంటుంది. కల్టివేటర్, రోటావేటర్ తగిలించేది దానికే. 20-25 హెచ్‌పీ బండ్లలో కూడా కొన్ని మోడళ్లు వెనుక 750 కిలోల దాకా ఎత్తుతాయి. అది పెద్ద చక్రాల పక్కనే, బ్రేకులున్న ఇరుసు దగ్గరే ఎత్తుతుంది. ముందు బకెట్‌తో పోలిస్తే ఇది చాలా క్షేమం.

ఈ లిఫ్ట్‌కు ఒక ఇనుప తొట్టి తగిలిస్తే కొట్టం నుంచి దిబ్బకు పేడ, చేను నుంచి గట్టుకు రాళ్లు, డిపో నుంచి ఇంటికి దాణా బస్తాలు అన్నీ మోయొచ్చు. వెనుక బ్లేడ్ తగిలిస్తే దారి చదును అవుతుంది, కాలువ గట్టు సర్దుకుంటుంది. తొట్టిని ఎత్తుగా లేపి ట్రాలీలో పోయలేరు, అదొక్కటే లోటు. దానికీ పల్లెల్లో పాత ఉపాయం ఉంది. దిబ్బను కొంచెం మిట్ట మీద వేసి, ట్రాలీని పల్లంలో నిలబెట్టి పారతో లాగేస్తారు. ఇప్పటికే ట్రాక్టర్ ఉన్నవాళ్లు లోడర్ గురించి ఆలోచించే ముందు ఈ తొట్టిని ఒక ఎండాకాలం వాడి చూడటం మేలు. ముందుకు వాలే అవకాశం ఇక్కడ ఉండదు. కానీ వెనుక బరువు మరీ ఎక్కువైతే ముందు చక్రాలు లేస్తాయి. కంపెనీ చెప్పిన పరిమితి దాటొద్దు.

వేసవిలో మామిడి మొక్కలకు, పశువులకు నీళ్లు తోలడం ఈ ప్రాంతంలో మరో పెద్ద పని. వెయ్యి లీటర్ల ట్యాంకు అంటే నీళ్లే ఒక టన్ను. సగం నిండిన ట్యాంకు మలుపులో ఊగి బండిని లాగేస్తుంది. నింపితే నిండుగా నింపాలి, లేదంటే ఖాళీగా నడపాలి.

కిస్తీ గంటకు ఎంత పడుతుంది?

20-25 హెచ్‌పీ మినీ ట్రాక్టర్లు మోడల్‌ను బట్టి సుమారు నాలుగు నుంచి ఆరు లక్షల రూపాయల మధ్య ఉంటాయి. మహీంద్రా ఓజా శ్రేణి చిన్న ట్రాక్టర్లు మన జహీరాబాద్ ప్లాంటులోనే తయారవుతున్నాయి. కుబోటా, వీఎస్‌టీ, స్వరాజ్ లాంటి కంపెనీలూ ఈ తరగతిలో ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత కొటేషన్ పట్టుకుని బేరమాడకండి, కొత్తది అడగండి. పనిముట్లు, ట్రాలీ, లోడర్ ధరలు వీటికి అదనం.

రూ.5 లక్షల రుణం, 10 శాతం వడ్డీ, ఐదేళ్లు, ఏడాదికోసారి కిస్తీ అనుకోండి. కిస్తీ సుమారు రూ.1.32 లక్షలు. ఇక మూడెకరాల్లో పని చూడండి. దుక్కి, గుంటక, ఎరువు తోలడం, మేత, నీళ్లు అన్నీ కలిపి ధారాళంగా వేసుకున్నా ఏడాదికి 100 గంటలు దాటడం కష్టం. అంటే డీజిల్, డ్రైవర్, రిపేర్లు కలపకముందే గంటకు రూ.1,320. అదే బండి ఏడాదికి 400 గంటలు తిరిగితే గంటకు రూ.330కి దిగుతుంది. ఈ రెండు అంకెల పక్కన మీ ఊర్లో ట్రాక్టర్ గంట బాడుగ ఎంతో రాసి చూసుకోండి. మూడెకరాలకు సొంత ట్రాక్టర్ గిట్టుబాటు కాదని చెప్పడానికి నిపుణులు అక్కర్లేదు, ఆ చీటీ చాలు.

వర్షం ఎగ్గొట్టిన ఏడాది కూడా కిస్తీ ఆగదు. అనంతపురం పీఠభూమిలో ఇది ఊహ కాదు, పదేళ్లలో చాలాసార్లు జరిగేదే. కొడుకో కూతురో నగరం నుంచి కడతామన్నా, భూమి కాగితాలు బ్యాంకులో ఉండేది నాయన పేరు మీదే.

కొనడం తప్పు కాని సందర్భాలు లేకపోలేదు. 15-20 ఆవుల డెయిరీ ఉన్నా, మల్బరీ తోట ఉండి పురుగుల షెడ్లకు రోజూ ఆకు తోలాల్సి వచ్చినా, లేదా ఊర్లో నలుగురైదుగురు రైతులకు పని చేసిపెట్టే కుర్రాడు ఇంట్లోనే ఉన్నా గంటలు పెరుగుతాయి. ఈ మూడింట్లో ఏదీ లేకపోతే మీరు కొంటున్నది వాకిట్లో నిలబడే బండి.

రాయితీ ఎవరికి, దేనికి?

కేంద్రం 2014-15లో వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ ప్రారంభించింది. దీన్ని పొట్టి పేరుతో 'స్మామ్' అంటారు. దీని కింద చిన్న, సన్నకారు రైతులకు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు పనిముట్ల ధరలో 50 శాతం దాకా, మిగతా రైతులకు 40 శాతం దాకా రాయితీ ఉంటుంది. రెండున్నర ఎకరాల లోపు ఉంటే సన్నకారు, ఐదెకరాల లోపు ఉంటే చిన్న రైతు. మీ అమ్మ పేరు మీద పాసుపుస్తకం ఉంటే ఆమె మహిళా రైతుగా కూడా అర్హురాలే.

ఇక్కడ మూడు సంగతులు గమనించాలి. శాతంతో పాటు ఒక్కో యంత్రానికి గరిష్ఠ మొత్తం కూడా ఉంటుంది, రెండింటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. రాష్ట్రంలో ఆ ఏడాది ఏ యంత్రాలకు రాయితీ ఇస్తారన్నది మార్గదర్శకాలను, నిధులను బట్టి మారుతుంది. కల్టివేటర్, స్ప్రేయర్, పవర్ టిల్లర్ జాబితాలో ఉన్నాయి కదా అని ట్రాక్టర్ కూడా ఉంటుందని, ట్రాక్టర్ ఉందని ముందు లోడర్ కూడా వస్తుందని అనుకోవద్దు. ఇక మూడోది: మంజూరు రాకముందే బండి కొనేసి తర్వాత బిల్లు పెట్టుకుందామంటే కుదరదు. 'ముందు తీసుకోండి, రాయితీ మేం చూసుకుంటాం' అనే డీలరు మాట మీద అడ్వాన్స్ కట్టకండి.

అడగాల్సిన చోటు ఊర్లోని రైతు సేవా కేంద్రం. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలైనవే ఇవి. అక్కడి గ్రామ వ్యవసాయ సహాయకుడిని అడిగితే ఈ ఏడాది జాబితా, దరఖాస్తు సంగతి చెబుతారు. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు ఖాతా, వర్తిస్తే కుల ధ్రువీకరణ పత్రం సిద్ధంగా ఉంచుకోవాలి. రైతు రిజిస్ట్రీలో పేరు నమోదు కాకపోతే ముందు అది చేయించండి. దూరంగా ఉన్నవాళ్లు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

కొనకుండా పని జరిపించుకోవడం ఎలా?

యంత్రాల అద్దె కేంద్రాలకు కూడా ప్రభుత్వం సాయం చేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో యంత్రసేవ పథకం కింద రైతు బృందాలకు 40 శాతం రాయితీ, 50 శాతం బ్యాంకు రుణం, 10 శాతం సొంత వాటాతో ట్రాక్టర్లు, పనిముట్లు ఇచ్చారు. మీ ఊరి పరిధిలో అలాంటి బృందం ఉందా, బాడుగ ఎంత అన్నది రైతు సేవా కేంద్రంలోనే తెలుస్తుంది. కేంద్ర వ్యవసాయ శాఖ 'ఫార్మ్స్' యాప్‌లో దగ్గర్లోని అద్దె యంత్రాల కోసం వెతకవచ్చు. యాప్‌లో దొరకకపోతే ఆశ్చర్యపోకండి. మన పల్లెల్లో ట్రాక్టర్ బాడుగ ఇప్పటికీ టీ అంగడి దగ్గర, ఫోన్ మీదే కుదురుతుంది.

కలిసొచ్చే ఉపాయం ఒకటుంది. మీ దిబ్బ ఒక్కటే ఎత్తడానికి లోడర్‌ను పిలిస్తే వచ్చిపోయే బాడుగే ఎక్కువవుతుంది. అదే వీధిలో పది ఇళ్ల దిబ్బలు ఒకే రెండు రోజుల్లో ఎత్తించుకుంటే ఒక్కో ఇంటికి కొన్ని వందల్లో తేలిపోతుంది. ఈ పది ఇళ్లను కలపడం నగరంలో ఉన్న మీరు ఒక వాట్సప్ గ్రూపుతో చేయగల పని. తొలకరికి ముందు అందరికీ ఒకేసారి బండి కావాలి కాబట్టి మార్చి, ఏప్రిల్‌లోనే మాట్లాడుకోవాలి.

నలుగురు కలిసి అద్దె కేంద్రమే పెట్టాలనుకుంటే వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద రూ.2 కోట్ల లోపు రుణాలకు ఏడేళ్ల దాకా 3 శాతం వడ్డీ రాయితీ ఉంది, అద్దె యంత్రాల కేంద్రాలూ దాని పరిధిలోకి వస్తాయి. పథకం గడువు, కొత్త దరఖాస్తుల సంగతి బ్యాంకులోనే అడగాలి.

లైసెన్స్, ఆర్‌సీ, బీమా

ఖాళీ బరువు 7,500 కిలోలు దాటని ట్రాక్టర్ మోటారు వాహనాల చట్టం ప్రకారం తేలికపాటి వాహనం. కారు నడిపే లైసెన్స్ ఉంటే సరిపోతుంది. పొలంలోనే తిరుగుతుంది కదా అని రిజిస్ట్రేషన్ వదిలేయకూడదు. రోడ్డెక్కితే రిజిస్ట్రేషన్, థర్డ్ పార్టీ బీమా ఉండాల్సిందే. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్, బీమా చేయించాలి.

కొన్న తర్వాత బయటి లోడర్ బిగిస్తే? ఆర్‌సీలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి కంపెనీ ఆమోదించిన లోడరేనా, వారంటీ పోతుందా అన్నది డీలరు నుంచి రాతపూర్వకంగా తీసుకుని, రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, బీమా కంపెనీకి తెలియజేశాకే బిగించండి. వ్యవసాయ ట్రాక్టర్‌గా నమోదైన బండితో ఇసుక, ఇటుకల బాడుగలకు వెళితే ప్రమాదం జరిగినప్పుడు బీమా చిక్కుల్లో పడుతుంది. మడ్‌గార్డ్ మీద మనిషిని కూర్చోబెట్టడం కూడా అంతే. ట్రాక్టర్‌కు సీటు ఒక్కటే.

నడిపేది ఎవరు?

అరవై దాటిన నాయన చేతికి తొలిసారి లోడర్ ఇచ్చి మీరు ఆదివారం రాత్రి బస్సెక్కితే సోమవారం ఆయన ఒంటరిగా దాన్ని వాలు మీద తిప్పాలి. ఇది కొనే ముందే ఆలోచించాల్సిన విషయం. మన చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి బోల్తా పడితే నడిపేవారిని కాపాడే ఇనుప చట్రం ఉండదు. అది ఉన్న మోడల్ దొరికితే, సీటు బెల్టుతో సహా, కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. లేచి ఉన్న బకెట్ కింద ఎవరూ నిలబడకూడదు. పిల్లలను బకెట్‌లో కూర్చోబెట్టి ఫొటోలు తీయకూడదు. వెనుక తిరిగే పీటీఓ షాఫ్ట్‌కు మూత లేకుండా పని చేయించొద్దు, చీర కొంగునో తువ్వాలునో పట్టిందంటే మనిషిని లాక్కునే దాకా ఆగదు.

శిక్షణకు దూరం పోనక్కర్లేదు. అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. యంత్రాల ఎంపిక, నడపడం, మరమ్మతుల మీద రైతులకు, గ్రామీణ యువతకు శిక్షణ ఇస్తుంది. దేశంలో ఇలాంటి సంస్థలు నాలుగు మాత్రమే ఉంటే అందులో ఒకటి మన కరువు సీమలో ఉంది, చాలామందికి తెలియదు. మొదటిది మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో 1955లో వచ్చింది, అక్కడ ట్రాక్టర్లను పరీక్షిస్తారు. మీరు చూస్తున్న మోడల్‌కు పరీక్ష నివేదిక ఉందా అని డీలరును అడగండి. లిఫ్ట్ ఎంత ఎత్తుతుంది, బ్రేకులు ఎలా పడతాయి అన్నవి కరపత్రంలో కంటే అందులో నమ్మకంగా ఉంటాయి.

డెమో అడిగితే షోరూమ్ ముందు సిమెంటు నేల మీద ఖాళీ బకెట్ లేపి చూపిస్తారు. బండిని మీ ఊరికే తెప్పించండి. మీ కొట్టం వాకిలిలో దూరుతుందా, చూరు తగులుతుందా చూడండి. మీ దిబ్బ నుంచి తడి ఎరువు నింపి, మీ చేను వాలు మీద, రోజూ నడపబోయే మనిషితోనే అరగంట నడిపించండి.